ఆయుధమా? దానమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ప్రొద్దు క్రుంకినవేళ ఊరి పొలిమేరలో ఒక క్రొత్త మనిషి కనబడినచో మొట్టమొదట కుక్కలు మొఱుగును. పిల్లలు తల్లుల చాటునకు పోవుదురు. పడుచువాండ్రు కఱ్ఱలకొరకు వెదకుదురు. రచ్చబండమీది పెద్దమనిషి మాత్రము లేచి నిలుచుండి, "ఎవరు నాయనా? ఏ ఊరు? ఎవరికొరకు వచ్చితివి?" అని అడుగును. ఆ మూడు ప్రశ్నలకు బదులు వచ్చువరకు కఱ్ఱ లేవదు. బదులు వచ్చిన పిమ్మట చెంబుతో మంచినీళ్లు వచ్చును. పల్లెటూరి మర్యాద యంతయు ఆ మూడు ప్రశ్నలలో నున్నది.

అయితే, వచ్చినవానికి ఆ ప్రశ్న తెలియకున్నచో? వాని భాష ఈ లోకములోని ఏ భాషయు కాకున్నచో? ప్రశ్నయనగా నేమో కూడ వాడెఱుగకున్నచో? అప్పుడు రచ్చబండమీది పెద్ద ఏమి చేయవలెను? ఈ సందేహమును ఆధారముగా గొని 2016వ సంవత్సరములో ఒక చలనచిత్రము వెలువడినది. దాని పేరు 'అరైవల్'. తెలుగున 'రాక' అనవచ్చును. కెనడా దేశీయుడగు డెనీ విల్‌నవ్ దానికి దర్శకుడు. టెడ్ చియాంగ్ అను అమెరికా రచయిత 1998లో ప్రకటించిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' అను కథ దానికి మూలము. చిత్రరూపమునకు అనువుగా ఎరిక్ హైసరర్ దానిని మరల వ్రాసెను.

ఆకాశనౌకలను గూర్చిన చిత్రమునకు గ్రంథాలయ సభలో ఏమి పని యని ఎవరైనను అడుగవచ్చును. ఆ చిత్రములోని నాయిక యోధురాలు కాదు. ఆకాశయానము చేసినదియు కాదు. ఆమె పేరు లూయిస్ బ్యాంక్స్. భాషాశాస్త్రమును బోధించు ఆచార్యురాలు. ఆ పాత్రను ఎమీ ఆడమ్స్ ధరించెను. చిత్రము మొదటినుండి తుదివరకు ఆమె చేసిన పని యొక్కటే: ఎవరును చదువని లిపిని చదువుట. కావున ఈ సభలో ఆ చిత్రమునకు చోటున్నది.

అన్యగ్రహవాసులు భూమికి వచ్చుట యను ఊహ క్రొత్తది కాదు. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1898లో పుస్తకముగా ప్రకటించిన నవలలో అంగారకవాసులు వచ్చి ఇంగ్లండును ధ్వంసము చేయుదురు. ఆ పిమ్మట వచ్చిన కథలలో పెక్కింటికి అదియే ఒరవడి అయ్యెను. 1951లో అమెరికాలో విడుదలయిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' అను చిత్రము మాత్రము వేఱొక త్రోవ త్రొక్కెను. అందు క్లాటు అను అతిథి నౌకనుండి దిగి, చుట్టును నిలిచిన సైనికులకు ఎదురుగా ఒక వస్తువును పైకి తీయును. అది ఆయుధమని భయపడి ఒక సైనికుడు తుపాకి ప్రేల్చును. అతిథి గాయపడును, వస్తువు విఱిగిపోవును. అది అమెరికా అధ్యక్షునకు కానుకగా తెచ్చినదనియు, దానితో ఇతర గ్రహములలోని జీవితమును చూడవచ్చుననియు అటుపిమ్మట తెలియును. ఇచ్చుటకు చాచిన చేతిని కొట్టుటకు ఎత్తిన చేయిగా చదువుట! ఈ పొరపాటు ఆకాశవాసుల కథలలోనే కాదు, మానవుల చరిత్రలోను మరల మరల కనబడుచున్నది.

భారతదేశములో సత్యజిత్ రాయ్ 1967 ప్రాంతమున 'ది ఏలియన్' అను చిత్రకథను సిద్ధపఱచెను. అది చిత్రముగా రూపొందలేదు. అందు వంగదేశపు పల్లెలోని ఒక చెఱువులో ఆకాశనౌక దిగును. నీటినుండి పైకి వచ్చిన శిఖరమును చూచి, దేవాలయము వెలసినదని గ్రామస్థులు పూజలు చేయుదురు. ఒకచోట భయము, ఒకచోట భక్తి. రెండు చోట్లను చదువక మునుపే అర్థము చెప్పుట జరిగినది.

ఇక 'అరైవల్' కథకు వత్తము. ఒకనాడు పండ్రెండు మహానౌకలు భూమండలములో పండ్రెండు చోట్లకు వచ్చి, నేలకు కొంత ఎత్తున కదలక నిలుచును. ఒకటి అమెరికాలోని మోంటానా పచ్చికబయలులో, ఒకటి చైనాలోని షాంఘై దగ్గఱ, ఒకటి సూడానులో, ఇట్లు తక్కినవి తక్కిన దేశములలోను సముద్రముల మీదను. ఒక్కొక్కటి పదునైదువందల అడుగుల ఎత్తు; చూచుటకు నిలువుగా చీల్చిన నల్లని చింతగింజవలె నుండును. మ్రోత లేదు, పొగ లేదు. పదునెనిమిది గంటల కొకమారు అడుగున ద్వారము తెఱచుకొనును. లోపల అద్దమువంటి అడ్డు. దాని కావల తెల్లని మంచు. ఆ మంచులో ఏడేసి కాళ్లుగల రెండు జీవులు. వానిని సప్తపాదులందము.

సైన్యాధికారి వెబర్ ఆ జీవుల ధ్వనులను యంత్రములో పట్టి తెచ్చి, వీనికి అర్థము చెప్పుమని లూయిస్‌ను అడుగును. విని చెప్పుటకు ఇది సాధ్యము కాదు, ఎదుట నిలిచి మాటలాడవలెను అని ఆమె బదులు చెప్పును. అధికారి ఒప్పుకొనక మఱియొక పండితుని యొద్దకు బయలుదేఱును. అప్పుడామె, ఆ పండితునికి పని అప్పగించుటకు ముందు సంస్కృతములో యుద్ధమునకు పేరేమో, ఆ పేరునకు అర్థమేమో అడుగుమనును. అధికారి తిరిగివచ్చి, 'గవిష్టి' అని చెప్పినాడనియు, దానికి వాదము అని అర్థము చెప్పినాడనియు తెలుపును. లూయిస్ చెప్పిన అర్థము వేఱు: ఇంకను గోవులు కావలెనను కోరిక.

ఇది చిత్రకారుల కల్పన కాదు. 'గవిష్టి' ఋగ్వేదములోని మాట. గోవులను కోరుట యనునది అవయవార్థము. పోరు అనునది వాడుకలో వచ్చిన అర్థము. మందలే సంపదగా నున్న కాలములో మందలకొరకే యుద్ధములు జరిగెను. విరాటపర్వములోని ఉత్తర గోగ్రహణమును విన్న తెలుగువారికి ఈ సంగతి వింత కాదు. కౌరవసేన మత్స్యదేశముమీదికి వచ్చినది దేనికొరకు? ఆలమందలకొరకు. ఒక పదమును విప్పి చూచినచో లోపల ఒక యుగపు బ్రదుకు కనబడును. యుద్ధమను మాటను వట్టి యుద్ధముగా చదివినవాడు సగమే చదివెను. ఆ యుద్ధము దేనికొరకు వచ్చినదో చదివినవాడు నిండుగా చదివెను. అధికారి ఈ భేదమును గ్రహించి లూయిస్‌ను వెంటబెట్టుకొని పోవును.

నౌకలో ఆమె చేసిన మొదటి పని ఏమి? తెల్లని పలకమీద 'మనిషి' అను మాటను ఆంగ్లమున పెద్ద అక్షరములతో వ్రాసి, తన్ను చూపుకొనుట. బడిలో చేరిన పిల్లవానికి ఉపాధ్యాయుడు పలకమీద 'అ' వ్రాసి చూపినట్లే. అంతట సప్తపాదులలో ఒకటి తన కాలికొననుండి సిరావంటి ద్రవమును వెదచల్లి, అద్దముమీద ఒక వలయమును వ్రాయును. ఆ వలయమే వారి వాక్యము. అందు మొదలు లేదు, తుది లేదు. ధ్వనికిని ఆ వ్రాతకును సంబంధము లేదు. చిత్రమునకై ఈ వలయలిపిని మార్టీన్ బెర్ట్రాండ్ అను చిత్రకారిణి కల్పించెను. భాషాశాస్త్ర విషయములలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెసికా కూన్ సలహా లిచ్చెను.

ఆ తరువాత ఆమె ఇంకొక పని చేయును. విషవాయువులకు వెఱచి అందఱును తొడిగికొనిన బరువైన రక్షణవస్త్రములను ఆమె విడిచివేయును. తన ముఖము వారికి కనబడవలెనని ఆమె కోరిక. అద్దమునకు చేయి ఆనించి నిలుచును. ఆవలి వైపునుండి ఒక కాలు వచ్చి అక్కడనే ఆనును. ముఖము దాచుకొనినవానికి ఎవరును పేరు చెప్పరు. ఆ రెండు జీవులకు శాస్త్రజ్ఞులు 'అబట్', 'కాస్టెలో' అని ముద్దుపేర్లు పెట్టిరి. అవి అమెరికాలో పేరుపొందిన హాస్యజంట పేర్లు. ఒకరి మాట ఒకరికి అర్థముగాక కలుగు చిక్కులే ఆ జంట హాస్యమునకు ప్రాణము.

సైన్యాధికారికి ఈ ఓనమాలు నచ్చవు. పై అధికారులు తొందర పెట్టుచుందురు. 'భూమికి వచ్చుటలో మీ ఉద్దేశ్యమేమి?' అను ఒక్క ప్రశ్న అడిగిన చాలునుగదా యని అతని మొఱ. లూయిస్ ఆ ప్రశ్నను పలకమీద వ్రాసి ఒక్కొక్క మాటను విప్పి చూపును. ప్రశ్న యనగా బదులు కోరు వాక్యమని ముందు వారికి తెలియవలెను. 'మీ' యన్నది అక్కడ నిలిచిన ఒక్క జీవినా, వచ్చిన జాతినంతటినా? ఉద్దేశ్యమనగా బుద్ధిపూర్వకముగా ఎంచుకొనిన పని. వారు అట్లు ఎంచుకొందురో, చీమలవలె స్వభావముచేత నడతురో తెలియవలెను. ఆంగ్లములో ఒక్కనికిని పదుగురికిని ఒకే సర్వనామము. తెలుగువాడు 'నీ', 'మీ' యని వేఱుపఱచును. వినువానిని కలుపుకొనునప్పుడు 'మనము' అనియు, వెలిపెట్టునప్పుడు 'మేము' అనియు అనును. 'ఈ భూమి మాది' యనుటకును 'ఈ భూమి మనది' యనుటకును ఎంత భేదమున్నదో తెలుగు పిల్లవానికి ఉగ్గుపాలతోనే తెలియును. అతిథి ఎదుట ఆ రెంటిలో ఏది పలుకవలెనన్నది వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు.

అధికారిని ఒప్పించుటకు ఆమె ఒక కథ కూడ చెప్పును. కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియాకు పోయినప్పుడు అతని నావికులు ఒక వింతజంతువును చూపి దీని పేరేమని అడిగిరట. అక్కడివారు 'కంగరూ' అనిరట. 'నీవనునది తెలియలేదు' అని దాని అర్థమట. అధికారి వెళ్లిన పిమ్మట ఆమెయే చెప్పును, ఆ కథ నిజము కాదని. నిజమేమనగా 1770లో కుక్ నౌక నిలిచిన ప్రాంతమున గూగు యిమితిర్ అను భాష కలదు. ఆ భాషలో 'గంగురు' అనునది నిజముగనే ఒక జాతి కంగరువునకు పేరు. అక్కడివారు సరిగానే చెప్పిరి. నావికులు ఇంచుమించు సరిగానే వ్రాసికొనిరి. ఇంపైన కథ నిజమైన పదమును రెండువందల ఏండ్లు కప్పివేసినది. 1970 ప్రాంతముల భాషాశాస్త్రజ్ఞులు పోయి ఆ భాషవారినే అడిగి ఈ భ్రమను తొలగించిరి. అడిగినచో తెలియునది అడుగకుండుటచేత తెలియక పోయెను.

కథలో నడిమి ఘట్టము ఇప్పుడు వచ్చును. నెలలు గడచును. ఓనమాలు పదములగును, పదములు వాక్యములగును. తుదకు ఆ ప్రశ్న అడుగుదురు: ఏల వచ్చితిరి? సప్తపాదుల వలయమునకు మానవులు చెప్పికొనిన అర్థము రెండే మాటలు: 'ఆయుధము ఇచ్చుట.'

ఆ రెండు మాటలతో లోకము గడగడలాడును. చైనాలో సేనాపతి షాంగ్, తమ యొద్దనున్న నౌకకు గడువు పెట్టి యుద్ధసన్నద్ధుడగును. అక్కడివారు సప్తపాదులతో మాజాంగు అను ఆటపలకల సాయముతో సంభాషించిరని లూయిస్ గ్రహించి కలత చెందును. ఆట నేర్పిన భాషలో ప్రతి మాటయు ఎదిరిపక్షము, గెలుపు, ఓటమి అను అచ్చులలోనే పడును. సుత్తి యొక్కటే చేతికిచ్చినచో కనబడిన ప్రతిదానిని కొట్టుటయే పని యగును. 'ఆయుధము' అని చదివిన ఆ గుఱుతునకు 'పనిముట్టు' అనియు అర్థము కావచ్చును గదా యని ఆమె వాదించును. కొడవలి కోతకు పనిముట్టు, కొట్లాటలో ఆయుధము. చేతిలోనున్నది ఒకటే. కాని భయపడినవారు రెండవ అర్థము వినరు. పండ్రెండు చోట్లనుండి ఒకరికొకరు సమాచారము పంపుకొనుచున్న తీగలను దేశములన్నియు త్రెంపివేయును. కొందఱు సైనికులు రహస్యముగా నౌకలో మందుగుండు పెట్టుదురు.

మాట అర్థము తప్పినచో నిప్పు పుట్టుననుటకు నిజమైన ఉదాహరణము ఒకటి కలదు. బెంజమిన్ లీ వార్ఫ్ (1897–1941) అను అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు ఉద్యోగరీత్యా అగ్నిప్రమాదముల బీమా కంపెనీలో పరిశీలకుడు. పెట్రోలు నిండిన పీపాల దగ్గఱ పనివారు ఎంతో జాగ్రత్తగా నుండుటయు, 'ఖాళీ పీపాలు' అని వ్రాసిన చోట చుట్టలు కాల్చి పాఱవేయుటయు ఆయన గమనించెను. నిజమునకు ఖాళీ పీపాయే ఎక్కువ ప్రమాదము. అందు ప్రేలుటకు సిద్ధముగా ఆవిరి నిండియుండును. 'ఖాళీ' యను మాట కంటికి ఏమియు లేదని చెప్పినది. కన్ను ఆ మాటను నమ్మినది.

ఈ సంగతి పల్లెటూరివారికి పరాయివారు వచ్చి చెప్పనక్కఱలేదు. అక్షరము రాని రైతు అప్పుపత్రముమీద వేలిముద్ర వేయును. చదివి వినిపించిన మాట తాకట్టు. కాగితముమీది మాట క్రయము. ఆ ఒక్క మాట భేదముతో తాతలనాటి మడిచెక్క చేయి మాఱును. చిత్రములో భూగోళమంతయు ఏ అపాయములో నున్నదో, వేలిముద్ర వేసిన ఆ ఒక్క కుటుంబమును అదే అపాయములో నున్నది.

నౌకలో మందుగుండు ప్రేలుటకు కొలది నిమిషములు మాత్రమే యుండగా, లూయిస్‌ను ఆమె తోడి శాస్త్రజ్ఞుడగు ఇయాన్‌ను సప్తపాదులలో ఒకటి బయటికి త్రోసి బ్రదికించును. త్రోయుటకు ముందు అద్దము నిండ వేలకొలది వలయములను ఒక్కమాటుగా వ్రాసి ఇచ్చును. ఆ ప్రేలుడులో అబట్ చచ్చిపోవు గాయమును పొందును. ఇచ్చుటకు వచ్చినవాడు ఇచ్చుచునే నేలకొఱగెను. అయినను ఆ నౌకలు ఎదురుదెబ్బ తీయవు.

తరువాత లూయిస్ ఒంటరిగా నౌకలోనికి పోయి కాస్టెలో ఎదుట నిలిచి అడుగును. అప్పుడు చిక్కు విడును. 'ఆయుధము' అని వారు చదివినది ఆ భాషయే. భాషను ఇచ్చుటకే వారు వచ్చిరి. పండ్రెండు నౌకలును ఒక్కొక్కటి పండ్రెండవ భాగము మాత్రమే ఇచ్చెను. అన్ని దేశములును కలసి చదివిననే సమగ్రమగును. మూడువేల ఏండ్లకు పిమ్మట మానవుల సాయము తమకు కావలసివచ్చునని వారు చెప్పుదురు. అందులకై నేడు మానవులకు సాయము చేయుచున్నారు. ఏతావాత దానము చేయువాడును ప్రతిగ్రహీతయే యగును.

ఆ భాషను నేర్చినవారికి కాలము నదివలె ఒకవైపునకు పాఱుట మాని, ఆ వలయమువలె ఒక్కమాఱుగా కనబడునని చిత్రము ఊహించెను. భాష ఆలోచనకు ఆకారమిచ్చుననెడి సపీర్, వార్ఫ్‌ల వాదము దీనికి బీజము. భాష తలంపును కొంత వంచునని నేటి పండితులు అంగీకరింతురు. తలంపును బంధించునని గాని, భవిష్యత్తును చూపునని గాని అంగీకరింపరు. అంతవఱకు కథ కథయే. కాని ఆ కల్పనవలన లూయిస్ రెండు కార్యములు చేయగలిగెను. మొదటిది: ఏడాదిన్నర తరువాత ఒక విందులో సేనాపతి షాంగ్ తన భార్య మరణశయ్యపై పలికిన మాటలను ఆమెకు చెప్పుట ముందుగానే ఆమెకు కనబడును. ఆ మాటలనే చైనాభాషలో టెలిఫోనుద్వారా అతనికి వినిపించును. సేనలు ఆగిపోవును. యుద్ధమును ఆపినది ఫిరంగి కాదు. చనిపోయిన ఇల్లాలి మాట, అతని సొంత భాషలో.

రెండవది ఇంకను కష్టమైనది. తనకు ఒక కూతురు పుట్టుననియు, ఆ బిడ్డ చిన్నవయసులోనే మందులేని జబ్బుతో పోవుననియు ఆమె చూచును. బిడ్డ పేరు హన్నా. ఆంగ్లాక్షరములలో ఆ పేరు 'వికటకవి' వంటిది. ఎటునుండి చదివినను ఒకటే. తుదిపుట తెలిసియు ఆ పుస్తకమును చదువవలెనా, మానవలెనా? ఆమె చదువుటకే నిశ్చయించును. బిడ్డ నవ్వునకును బిడ్డ ఏడ్పునకును సరియని తలయూచును. ఆమె నిర్ణయము సరియైనదా యని ప్రేక్షకులు నేటికిని వాదించుకొనుచున్నారు. తనకు తెలిసినది భర్తకు చెప్పగా అతడు ఆమెను విడిచిపోయెను. చిత్రము ఎవరిని తప్పు పట్టదు.

ఈ చిత్రమునకు ఆస్కారు బహుమతులలో ఎనిమిది నామినేషన్లు వచ్చి, ధ్వని సంకలనమునకు ఒక బహుమతి లభించెను. అది అట్లుండనిండు. ఈ కథకు సరిజోడైన నిజకథ ఒకటి భారతదేశములో జరిగినది. దానిని చెప్పక ఈ ఉపన్యాసము పూర్తి కాదు.

పదునాలుగవ శతాబ్దములో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్‌షా తుగ్లకు రెండు మహాశిలాస్తంభములను దూరమునుండి తెప్పించి ఢిల్లీలో నిలిపెను. వానిమీద అక్షరములుండెను. పండితులను పిలిపించి చదువుమనిన ఎవరికిని రాలేదు. అవి భీమసేనుని చేతికఱ్ఱలని జనులు చెప్పుకొనుచుండిరి. ఆకాశమునుండి దిగిన నౌకవలెనే ఆ స్తంభములు ఎదుట నిలిచియుండెను, అక్షరము కనబడుచుండెను, చదువు లేదు.

ఆ మౌనము 1837లో వీడెను. కలకత్తాలోని టంకశాలలో లోహపరీక్ష చేయు జేమ్స్ ప్రిన్సెప్ అను ఆంగ్లేయుడు సాంచీ స్తూపపు రాళ్లమీది చిన్నచిన్న శాసనముల ప్రతులను ఎదుట పెట్టుకొని చూచుచుండెను. అవి అన్నియు ఒకే రెండక్షరములతో ముగియుచుండెను. గుడికి రాయి ఇచ్చినవాడు తుదకు ఏమి వ్రాయించుకొనును? ప్రిన్సెప్ ఊహించెను: 'దానం'. ఆ ఊహ సరియైనది. 'ద' దొరకెను, 'న' దొరకెను. అంతకుముందు ఇతర పండితులు గుర్తించిన అక్షరములును తోడుపడెను. కొలది కాలములోనే బ్రాహ్మీలిపి యంతయు చేతికి వచ్చెను. భీముని కఱ్ఱ మాటలాడెను. అది ఆయుధము కాదు. త్రోవల వెంబడి మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, నూతులు త్రవ్వించితిననియు, పశువులకును మనుష్యులకును నీడయు నీరును కలుగవలెననియు అశోకుడు చెప్పించిన మాటలు అందుండెను.

ఆ తాళపుచెవితోనే తెలుగునేలపై కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి శాసనములు చదువబడెను. కృష్ణాతీరమున అమరావతి స్తూపపు రాళ్లమీది వ్రాతలు చదువబడెను. రాజుల పేర్లకంటె సామాన్యుల పేర్లే అక్కడ ఎక్కువ. విధికుడను చర్మకారుడు తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను కలసి పూర్ణఘటము చెక్కిన రాతిపలకను దానమిచ్చెనని ఒక శాసనము చెప్పుచున్నది. చదువురాని కాలములో అది వట్టి రాయి. చదివిన పిమ్మట ఒక కుటుంబము.

మానవజాతి తనవంతుగా ఆకాశమునకు ఉత్తరములు వ్రాయుచునే యున్నది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని గ్రీన్‌బ్యాంకు వద్ద రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రములవైపు త్రిప్పి చెవియొగ్గెను. అప్పటినుండి ఎందఱో విని చూచిరి. నిశ్చయముగా ఇది ఫలానివారి పిలుపు అనదగిన ధ్వని ఇంతవఱకు రాలేదు. 1977లో బయలుదేఱిన రెండు వాయేజరు నౌకలలో బంగారుపూత పూసిన రాగి గ్రామఫోను పళ్లెము నొకటొకటి పెట్టి పంపిరి. కార్ల్ సేగన్ నాయకత్వమున కూర్చిన ఆ పళ్లెములో ఏబదియైదు భాషల నమస్కారములున్నవి. అందు తెలుగు ఒకటి. దానిని ఎట్లు త్రిప్పి వినవలెనో పైమూతమీద బొమ్మలు చెక్కిరి. వాయేజరులు సూర్యుని ప్రభావమండలమును దాటి, ఒకటి 2012లోను రెండవది 2018లోను నక్షత్రాంతర ప్రదేశములో ప్రవేశించెను. ఎవరికైనను దొరకినచో వారా పళ్లెమును చేత పట్టుకొని ఏమని తలంతురు? ఆయుధమనియా, దానమనియా? వారిలో ఒక లూయిస్ ఉండవలెనని కోరుకొనుట తప్ప చేయగలిగినది లేదు.

సోదరులారా, ఈ గ్రంథాలయపు తలుపు ఇరువదియైదేండ్లుగా తెఱచుకొనుచున్నది. నౌక ద్వారము పదునెనిమిది గంటల కొకమాఱు. ఇది ప్రతి సాయంకాలము. లోపల బీరువాలలో నున్నవారు చాలమంది వేఱు దేశమువారు, వేఱు కాలమువారు, కొందఱు బ్రదికిలేరు. వారును మంచులో నిలిచియే యుందురు. పలకతో పోయి నిలుచువానికే వారు దగ్గఱకు వత్తురు. బీరువాలలోని పుస్తకముల మొదటి పుటలను త్రిప్పి చూడుడు. తండ్రి జ్ఞాపకార్థమని ఒకరు, కొడుకు పరీక్ష గెలిచినందుకని ఒకరు, పెండ్లి ఖర్చులో మిగిలినదని ఒకరు ఇచ్చినవి. ఆ పుటలమీద దాతల పేర్ల క్రింద వ్రాసియున్న మాట సాంచీలో ప్రిన్సెప్ మొట్టమొదట చదివిన ఆ మాటయే.

ఇంకను ఈ ఊరిలో వేలిముద్ర వేయు చేతులున్నంతకాలము ఈ తలుపు మూయరాదు. రాత్రిబడి దీపము ఆరరాదు. రేపు పొలిమేరలో ఎవరు వచ్చి నిలిచినను, వాని చేతిలోనిది ఏమో చదువగలవాడు ఒక్కడైనను రచ్చబండమీద ఉండవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనుగాక. ఆనాటి సభకు వచ్చు పిల్లలు నేడింకను పుట్టియుండరు. వారికొరకు బీరువాలో కొంత చోటు ఖాళీగా ఉంచుడు.